హెల్త్ ఈక్విటీ ఫెలోషిప్: ప్రభుత్వానికీ ప్రైవేటుకీ మధ్య కూర్చుని పరిశోధన చేయడం ఎలా

హెల్త్ ఈక్విటీ అంటే ఆరోగ్యంలో ఉండకూడని తేడాలు లేకుండా చూడటం. దాని మీద ఒక ప్రైవేటు కంపెనీ భాగస్వామ్యంతో నేను చేసిన ఫెలోషిప్ పన్నెండు నెలలు. డేటా చేతికొచ్చింది ఎనిమిదో నెలలో. ఫైల్ తెరిస్తే వయసు ఉంది, జబ్బు కోడ్ ఉంది, మందు ఇచ్చిన తేదీ ఉంది. నివాస ప్రాంతం ఉండాల్సిన కాలమ్ మాత్రం మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఖాళీ. రోగులను గుర్తుపట్టే ప్రమాదం ఉందని భాగస్వామి కంపెనీలో ప్రైవసీ విభాగం వాళ్లు తీసేశారట. వాళ్లను అని లాభం లేదు. ఆ కాలమ్ కావాలని ఒప్పందంలో నేనే రాయించలేదు. మందు ఏయే ప్రాంతాల వాళ్లకు అందడం లేదో తేల్చడం నా పరిశోధన. ఏ ప్రాంతమో తెలియకుండా అది తేల్చాలి!

అప్పటి నుంచి ఈ తరహా ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నామని ఎవరైనా అంటే ప్రపోజల్ కన్నా ముందు ఒప్పందం గురించి అడుగుతున్నాను. ప్రపోజల్ బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. భాగస్వామికి ఏం కావాలో, జనానికి ఏం కావాలో ఒకే వాక్యంలో నిజాయితీగా రాయగలిగినవాళ్లే తక్కువ. ఆ ఒక్క వాక్యం కుదిరితే మిగతా పనంతా దాని చుట్టూ అల్లుకుంటుంది. కుదరకపోతే సంవత్సరం గడిచిపోయి ఒక రిపోర్టు మిగులుతుంది.

అప్లై చేసే ముందు: ఇది ఏ రకం ఫెలోషిప్?

మామూలు పరిశోధన ఫెలోషిప్‌లో మీరు, మీ గైడ్, మీ సంస్థ ఉంటారు. ఇక్కడ ఇంకొకరు చేరతారు. అది మందుల కంపెనీ కావచ్చు, బీమా సంస్థ కావచ్చు, వైద్య పరికరాలు లేదా సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఒకవైపు, వీళ్లు మరోవైపు, మధ్యలో మీరు. పేరు ఒకటే అయినా లోపలి ఏర్పాటు రకరకాలుగా ఉంటుంది. కొన్నింట్లో డబ్బు కంపెనీది, మీ కుర్చీ యూనివర్సిటీలో. కొన్నింట్లో డబ్బు ప్రభుత్వానిదో ఫౌండేషన్‌దో, మీ కుర్చీ కంపెనీలో. ఇంకొన్నింట్లో అందరూ తలా కొంత వేసి ఒక తటస్థ సంస్థ చేతిలో పెడతారు.

ప్రకటన చదివాక నిర్వాహకులకు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి. నా స్టైపెండ్ ఎవరిస్తారు? డేటా ఎవరి దగ్గర ఉంటుంది? ఫలితాలు బయటపెట్టాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? మూడింటికీ ఒకే పేరు జవాబుగా వస్తే అది ఫెలోషిప్ కాదు, ఉద్యోగం. ఉద్యోగం చేయడం తప్పేం కాదు, కాకపోతే జీతం కూడా ఉద్యోగం స్థాయిలో అడగండి.

ఆ ఫెలోషిప్ అసలు పరిశోధనకా, నాయకత్వ శిక్షణకా అన్నది కూడా చూసుకోవాలి. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే అట్లాంటిక్ ఫెలోస్ ఫర్ హెల్త్ ఈక్విటీ మార్పు తెచ్చే నాయకులను తయారుచేయడం మీద దృష్టి పెడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో భాగమైన ఫోగర్టీ సెంటర్ ఫెలోషిప్‌లు గైడ్ పర్యవేక్షణలో చేసే పరిశోధనకు సంబంధించినవి. మొదటిదానికి రాసిన దరఖాస్తులో నాలుగు ముక్కలు మార్చి రెండోదానికి పంపితే కుదరదు. ఎంపిక చేసేవాళ్లకు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

మొదటి మెట్టు: జబ్బును కాదు, తేడాను ఎంచుకోండి

"నేను డయాబెటిస్ మీద పనిచేస్తాను" అంటే అది టాపిక్ మాత్రమే. హెల్త్ ఈక్విటీ పరిశోధనకు కావాల్సింది ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక తేడా, ఆ తేడా ఉండక్కర్లేదు అనడానికి ఒక కారణం.

మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల మొదట్లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. అనవసరమైనవి, నివారించదగ్గవి, అన్యాయమైనవి అయిన తేడాలనే ఆమె అసమానతగా లెక్కించారు. డెబ్బై ఏళ్లాయనకి ఇరవై ఏళ్ల కుర్రాడి కన్నా చూపు తక్కువ ఉంటే అది వయసు తేడా. ఇద్దరు డెబ్బై ఏళ్లవాళ్లలో ఒకరికి శుక్లాల ఆపరేషన్ అయి, ఇంకొకరు ఆసుపత్రి దూరమని చూపు పోగొట్టుకుంటే అది అసమానత. మీ ప్రశ్న ఈ రెండో రకంలోకి రావాలి.

అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని వేల్స్ డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశారు. మార్కెట్ చేతిలో ఎక్కువ పెట్టిన చోట ఇది మరింత ముదురుతుందని కూడా అన్నారు. ప్రైవేటు భాగస్వామ్యం మీద ఫెలోషిప్ చేయబోయేవాళ్లు ఆ మాటను దాటేసి పోవడం కుదరదు. ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు అడుగుతారు.

తేడా దొరికాక అది ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. ఇందుకు నేను వాడేది తనహాషి 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో రాసిన పద్ధతి. ఏ వైద్య సేవనైనా మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది రాలిపోతున్నారో చూడమంటాడాయన. మందు అక్కడ స్టాకు ఉందా? ఉంటే మనిషి అక్కడికి చేరగలడా? చేరగలిగినా ఆ సేవ తీసుకోవడానికి మనసు ఒప్పుకుంటుందా? ఒప్పుకుని నిజంగా వచ్చాడా? వచ్చాక పూర్తి కోర్సు అంది నయమైందా?

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, ఏ భాగస్వామి కావాలో కూడా ఇదే చెబుతుంది. స్టాకు దగ్గరే జనం రాలిపోతుంటే తయారీ కంపెనీతో పని ఉంది. దారిలో రాలిపోతుంటే రవాణా, మొబైల్ సేవల వాళ్లతో పని ఉంది. మనసు ఒప్పుకోవడం దగ్గర, అంటే ఆసుపత్రిలో తమను చులకనగా చూస్తారన్న భయంతో జనం ఆగిపోతుంటే, ఏ కంపెనీ వచ్చినా పెద్దగా చేసేదేమీ ఉండదు. ఆ సమస్యకి పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, మందు కాదు. "ఈ భాగం భాగస్వామ్యంతో తీరదు" అని ప్రపోజల్‌లో రాసినవాళ్లను నేను వెంటనే నమ్ముతాను. అలాంటి ప్రపోజల్స్ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే చూశాను.

రెండో మెట్టు: భాగస్వామికి ఏం లాభమో దాచకండి

చాలా దరఖాస్తుల్లో కంపెనీ గురించి రాసే పేరా పెళ్లి శుభలేఖలా ఉంటుంది. సామాజిక బాధ్యత, నిబద్ధత, దార్శనికత. చదివేవాళ్లకి వెంటనే అనుమానం వస్తుంది, ఇందులో వాళ్లకేంటి అని. మీరే ముందుగా చెప్పేస్తే ఆ అనుమానం ఉండదు. కొత్త మార్కెట్ కావచ్చు, నియంత్రణ సంస్థ అడుగుతున్న ఆధారాలు కావచ్చు, ప్రభుత్వ కొనుగోళ్లలో చోటు కావచ్చు, మంచి పేరు కావచ్చు. లాభం ఉండటంలో తప్పులేదు. దాన్ని కప్పిపుచ్చడంతోనే గొడవ.

ఒక మంచి ఉదాహరణ చూద్దాం. ఆఫ్రికాలో సహారాకి దక్షిణంగా ఉన్న దేశాల్లో 'ఎ' (A) రకం మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు జబ్బు, ఎన్నో ఏళ్లు ప్రాణాలు తీసింది. దానికి టీకా చేయడానికి పాత్ అనే సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ముందు టీకా కనిపెట్టి తర్వాత ధర ఆలోచించడం మామూలు పద్ధతి. వీళ్లు తిరగేసి చేశారు. మేం భరించగలిగే ధర డోసుకి 50 సెంట్ల లోపే అని ఆ దేశాల అధికారులు చెప్పారు. ఆ అంకెను ముందు పెట్టుకుని తయారీదారు కోసం వెతికారు. పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. చివరికి టీకా పరిజ్ఞానం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి వచ్చింది, తయారీకి సీరం ఇన్‌స్టిట్యూట్ ఒప్పుకుంది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసో, మాలీ, నైజర్‌లలో టీకాలు వేయడం మొదలైంది. 2012లో ఈ టీకాను 40 డిగ్రీల వేడిలో నాలుగు రోజుల వరకు బయట ఉంచవచ్చని అనుమతి కూడా వచ్చింది. ఐస్ పెట్టెలు మోయలేని ఊళ్లకు ఆ ఒక్క అనుమతి ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

ఇక్కడ ఆ వాక్యం ఎలా ఉంటుందో చూడండి: "ధర 50 సెంట్లు దాటకుండా టీకా చేస్తే తయారీదారుకి కొత్త పరిజ్ఞానం, కోట్ల డోసుల ఆర్డరు దక్కుతాయి, ఆ దేశాల పేద కుటుంబాలకి టీకా దక్కుతుంది." రెండు లాభాలూ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. మీ ప్రాజెక్టుకి ఇలాంటి వాక్యం రాసి చూడండి. "కంపెనీకి లాభం వస్తుంది, అలాగే పేదలకి మేలు జరుగుతుంది" అని మధ్యలో "అలాగే" పడితే, ఆ రెంటికీ సంబంధం లేదని మీకే తెలుస్తోందన్నమాట.

రెండోవైపు ఆఫ్రికా దక్షిణాన ఉన్న చిన్న దేశం లెసోతో ఉంది. రాజధాని మసేరులో పాత ఆసుపత్రి స్థానంలో పీపీపీ పద్ధతిలో కట్టిన క్వీన్ మమొహాటో మెమోరియల్ ఆసుపత్రి 2011లో తెరుచుకుంది. లోపల వైద్యం నాణ్యత పెరిగింది, మరణాలు తగ్గాయని అధ్యయనం కూడా వచ్చింది. అయితే దేశ ఆరోగ్య బడ్జెట్‌లో సగానికి పైగా, 51 శాతం, ఈ ఒక్క ఆసుపత్రికే పోతోందని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2014లో రిపోర్టు ఇచ్చింది. ఆ అంకెను ప్రపంచ బ్యాంకు ఒప్పుకోలేదు. వాదోపవాదాలు సాగి, 2021లో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆసుపత్రి గోడల లోపల చూస్తే అది విజయం. కొండల్లోని గ్రామీణ క్లినిక్‌కి బడ్జెట్‌లో ఏం మిగిలిందని అడిగితే ప్రశ్నే మారిపోతుంది. మీ ఫెలోషిప్‌లో మీరు అడగాల్సింది ఆ రెండో ప్రశ్న. అడిగితే భాగస్వామికి ఇబ్బందిగా ఉంటుంది. అందుకే అది అడుగుతానని మొదటి రోజే చెప్పి ఉంచండి.

మూడో మెట్టు: కొలత

దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే ఒకే ఫలితాన్ని ఇద్దరు రెండు రకాలుగా చెప్పగలరు.

ఊహకి ఒక లెక్క తీసుకుందాం. ఒక కార్యక్రమం మొదలయ్యే ముందు వెయ్యి మంది పిల్లలకు పేద వర్గంలో 40 మంది, సంపన్న వర్గంలో 20 మంది చనిపోతున్నారు. అయిదేళ్ల తర్వాత పేదల్లో 25, సంపన్నుల్లో 10. మేలు జరిగిందా? రెండు వర్గాల్లోనూ మరణాలు తగ్గాయి. వర్గాల మధ్య తేడా 20 నుంచి 15కి దిగింది. అంతరం తగ్గిందని కంపెనీ రిపోర్టు రాస్తుంది. నిష్పత్తి చూడండి. ముందు పేద పిల్లలకి ముప్పు రెండింతలు ఉండేది, ఇప్పుడు రెండున్నర ఇంతలైంది. అంతరం పెరిగిందని విమర్శకుడు రాస్తాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

అందుకని ప్రపోజల్‌లోనే రెండు కొలతలూ చెబుతానని రాసుకోండి. ఏ వర్గాలను పోలుస్తారో కూడా డేటా చూడకముందే రాయండి. ఫలితం వచ్చాక వర్గాలు ఎంచుకుంటే మనకు నచ్చినవే ఎంచుకుంటాం, అది మనిషి స్వభావం. ఏ వర్గాలు మర్చిపోతున్నామో చూసుకోవడానికి ప్రోగ్రెస్-ప్లస్ అనే చెక్‌లిస్టు ఉంది: నివాసం, జాతి లేదా భాష, వృత్తి, లింగం, మతం, చదువు, ఆర్థిక స్థితి, సామాజిక సంబంధాలు, వాటికి తోడు వయసు, వైకల్యం లాంటివి. అన్నీ వాడక్కర్లేదు. వాడనివాటిని ఎందుకు వాడలేదో ఒక్క లైను రాస్తే చాలు.

కాలం గురించి కూడా ఒక జాగ్రత్త. కొత్త చికిత్స ఏదైనా మొదట ఉన్నవాళ్లకే చేరుతుంది, దాంతో అంతరం మొదట పెరిగి, ఆ తర్వాత ఎప్పుడో తగ్గుతుందని విక్టోరా బృందం 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రతిపాదించింది. మీది ఏడాది ఫెలోషిప్ అయితే మీరు చూసేది సరిగ్గా ఆ పెరిగే భాగమే కావచ్చు. ఇది ముందే రాసి ఉంచకపోతే చివర్లో టెన్షన్ పడతారు, మీతోపాటు భాగస్వామి కూడా.

నాలుగో మెట్టు: ప్రపోజల్, గైడ్

దీని గురించి ఇప్పటికే కావాల్సినంత సలహా దొరుకుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మొదటి పేరాలో ఆ ఒక్క వాక్యం పెట్టండి. రెండో పేరాలో తనహాషి మెట్లలో మీరు పట్టుకున్నది ఏదో చెప్పండి. సాహిత్య సమీక్ష సగం పేజీ దాటనివ్వకండి. కాలపట్టికలో డేటా కోసం మీరు అనుకున్న సమయానికి రెట్టింపు వేసుకోండి. నేను వేసుకోలేదు, ఎనిమిదో నెల కథ చెప్పాను కదా.

గైడ్లు ఇద్దరు కావాలి. ఒకరు పద్ధతులు తెలిసిన పరిశోధకుడు. రెండోవారు భాగస్వామి సంస్థ లోపల మీ తరఫున తలుపు తట్టగలిగినవారు. రెండోవారి హోదా పెద్దదైతే చాలదు, మీ మెయిల్‌కి జవాబిచ్చే తీరిక కూడా ఉండాలి. వైస్ ప్రెసిడెంట్ కన్నా డేటా విభాగంలో పదేళ్లుగా ఉన్న సీనియర్ ఎనలిస్టు ఎక్కువ పనికొస్తారు.

అయిదో మెట్టు: ఒప్పందం

ఎంపికైతే స్వీట్లు పంచుకోండి. ఆ మర్నాటి నుంచి ఒప్పందం పని మొదలుపెట్టండి. ఎంఓయూ (అవగాహన పత్రం) మీద సంతకం పడితే ఇల్లు అలికినట్టే, ఇల్లలకగానే పండగ కాదు. ఎంఓయూలో సాధారణంగా మంచి ఉద్దేశాలే ఉంటాయి, బాధ్యతలు డేటా ఒప్పందంలో ఉంటాయి.

ఒప్పందంలో మాటలు ఎంత ముఖ్యమో తెలియాలంటే నాన్సీ ఒలివియెరి ఉదంతం చాలు. టొరంటోలో పిల్లల ఆసుపత్రిలో రక్తరోగ నిపుణురాలు. తలసీమియా రోగుల కోసం ఒక కంపెనీ డబ్బుతో మందు పరీక్షలు చేస్తున్నారు. కొందరిలో ఆ మందు పనితనం తగ్గుతోందని ఆమెకి అనిపించింది, రోగులకు చెప్పాలనుకున్నారు. ఆమె సంతకం చేసిన ఒప్పందంలో గోప్యత షరతు ఉంది. 1996లో కంపెనీ పరీక్షలు ఆపేసి, బయటికి చెబితే చట్టపరమైన చర్యలు తీసుకుంటామని హెచ్చరించింది. ఆమె చెప్పారు. 1998లో ఆ ఫలితాలు పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి గొడవలు, విచారణలు. ఇలాంటివి చూశాకే ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు 2001 సెప్టెంబరులో కలిసి ప్రకటన చేశారు, డబ్బిచ్చినవాళ్ల చేతిలో డేటా, ప్రచురణ పెత్తనం ఉన్న అధ్యయనాలను తాము తీసుకోబోమని.

కాబట్టి సంతకానికి ముందు ఈ మాటలు కాగితం మీద ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి:

- ప్రచురణకు ముందు భాగస్వామి చదివి వ్యాఖ్యలు ఇవ్వవచ్చు, ఆపే హక్కు లేదు. చదవడానికి గడువు రోజుల్లో రాసి ఉండాలి. "సహేతుకమైన సమయంలో" అన్న మాట కనిపిస్తే కొట్టించండి.
- రోగులకు హాని జరిగే సంగతి బయటపడితే గోప్యత షరతు వర్తించదు.
- డేటా కాలమ్‌ల జాబితా పేరుపేరునా ఒప్పందానికి అనుబంధంగా ఉండాలి.
- మధ్యలో భాగస్వామి తప్పుకుంటే అప్పటిదాకా వచ్చిన డేటాతో పని పూర్తిచేసుకునే హక్కు మీకుండాలి.

మూడోదాని గురించి ఇంకొంచెం. నా ఖాళీ కాలమ్‌ని చివరికి ఎలా నింపామంటే, ప్రాంతం కోడ్ బయటికి ఇవ్వడం కుదరదని లీగల్ వాళ్లు తేల్చేశాక, భాగస్వామి కంపెనీలోని ఒక సీనియర్ ఎనలిస్టే ఉపాయం చెప్పాడు. ఏ ప్రాంతం ఎంత వెనకబడిందో చెప్పే పట్టిక ప్రభుత్వం దగ్గర బహిరంగంగానే ఉంది. నేను ఆ పట్టిక పంపాను. వాళ్లు తమ కంప్యూటర్లోనే దాన్ని రోగుల రికార్డులతో జోడించి, ప్రాంతం పేరు తీసేసి, ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె మాత్రం ఇచ్చారు. ఒకటంటే బాగా వెనకబడిన ప్రాంతం, అయిదంటే బాగా ఉన్న ప్రాంతం. రోగి ఎవరో తెలియదు, నాకు కావాల్సిన తేడా తెలుస్తుంది. మధ్యాహ్నం ఒక్క పూట పని. ఒప్పందం రాసేటప్పుడే ఇలా అడిగి ఉంటే నెలలు మిగిలేవి.

ఇంకో చిక్కు చిన్న సంఖ్యల దగ్గర వస్తుంది. ఒక గడిలో మరీ తక్కువ మంది ఉంటే ఆ అంకె చూపించకూడదని చాలా సంస్థల నియమం. నియమం మంచిదే. కానీ దానివల్ల పట్టికలోంచి మాయమయ్యేది ఎప్పుడూ అతి చిన్న సమూహాలే, అంటే మీరు ఎవరి కోసం వచ్చారో వాళ్లే. రెండు మూడేళ్ల డేటా కలిపి ఇవ్వమని అడగండి, గడులు నిండుతాయి.

ఆరో మెట్టు: ఎథిక్స్ కమిటీ, జనం

ఎథిక్స్ అనుమతి కోసం రెండు చోట్ల, ఒక్కోసారి మూడు చోట్ల అప్లై చేయాల్సి వస్తుంది. ఒకచోట వచ్చేదాకా రెండోచోట ఆగకుండా రెండూ ఒకేసారి పెట్టండి. మీ ప్రయోజనాల వైరుధ్యం వివరాలు అడగకముందే ఇచ్చేయండి, కంపెనీ పెట్టిన భోజనంతో సహా.

జనంతో మాట్లాడటం అనుమతి కాగితం కోసం చేసే తంతు కాదు. ఈగ కాటుతో సోకి చూపు పోగొట్టే నదీ అంధత్వం అనే జబ్బు మందు సంగతి చూడండి. ఆ మందు ఐవర్‌మెక్టిన్‌ని అవసరమైనంత కాలం ఉచితంగా ఇస్తామని మెర్క్ కంపెనీ 1987లో ప్రకటించింది. మందు ఉచితం అయినంత మాత్రాన ఊరి చివరి ఇంటికి చేరదు. ఎవరు పంచాలో, ఎప్పుడు పంచాలో ఊరివాళ్లే నిర్ణయించుకునే పద్ధతి వచ్చాకే పంపకం నిలదొక్కుకుంది. పంచేవాళ్ల చేతిలో తూకం యంత్రం కూడా ఉండదు, గుర్తులు గీసిన ఒక కర్ర ఉంటుంది. మనిషిని కర్ర పక్కన నిలబెడితే ఎత్తు ఏ గుర్తు దాకా వచ్చిందో చూసి అన్ని మాత్రలు ఇస్తారు. చదువు పెద్దగా అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. మీ భాగస్వామి యాప్ చేసి ఇస్తానన్నప్పుడు ఆ కర్ర గుర్తు తెచ్చుకోండి.

ఆచరణలో చేయాల్సింది ఇదీ: మీ ప్రశ్న ఎవరి గురించో, ఆ సమూహం నుంచి కనీసం ముగ్గురు నలుగురిని సలహా బృందంలో పెట్టుకోండి, వాళ్ల సమయానికి బడ్జెట్‌లో డబ్బు రాయండి. ఎనలిస్టు సమయానికి వెల కట్టి, రోగి సమయాన్ని ఉచితంగా తీసుకునే ప్రపోజల్‌కి ఈక్విటీ అని పేరు పెట్టడం ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఏడో మెట్టు: ఇంటర్వ్యూ

వరసకి ఇది ఒప్పందం కన్నా ముందు వస్తుందని తెలుసు, కానీ పైవన్నీ ఆలోచించుకున్నవాళ్లకి ఇది తేలిక. దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్న: "మీ ఫలితం భాగస్వామికి నచ్చకపోతే ఏం చేస్తారు?" ధైర్యంగా ప్రచురిస్తాను అనడం అందరూ చెప్పే జవాబు. ఫలితం వచ్చిన వారంలోనే వాళ్లకి చూపిస్తాను, లెక్కలో తప్పుంటే సరిదిద్దుకుంటాను, లేకపోతే ఒప్పందంలో ఉన్న గడువు తర్వాత పంపిస్తాను అని తేదీలతో సహా చెప్పండి. వీరత్వం కన్నా క్రమం మీద ఎక్కువ నమ్మకం కుదురుతుంది.

ఎనిమిదో మెట్టు: పని మొదలయ్యాక

మొదటి నెల ఏమీ రాయకండి. కంపెనీలో, ఆరోగ్య శాఖలో కూర్చుని, ఒక రోగి రికార్డు పుట్టిన దగ్గర్నుంచి డేటాబేస్ చేరేదాకా ఎవరెవరి చేతుల మీదుగా వెళ్తుందో గీసుకోండి. ఆ దారిలోనే తేడాలు పుడతాయి.

నచ్చని ఫలితం వస్తే ఏం చేయవచ్చో 2019లో సైన్స్ పత్రికలో ఒబర్‌మేయర్ బృందం రాసిన పేపర్ చూపించింది. అమెరికా ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో ఒక అల్గారిథమ్ ఎంచుతుంది. అది అంచనా వేసేది జబ్బును కాదు, ముందుముందు అయ్యే వైద్య ఖర్చును. నల్లజాతి రోగులకు అంతే జబ్బున్నా ఖర్చు తక్కువ పెడుతున్నారు కాబట్టి, వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని యంత్రం అనుకుంది. ఈ పక్షపాతం సరిచేస్తే అదనపు సాయం అందేవాళ్లలో నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. ఆ తర్వాత చేసిందే మనకు కావాల్సింది. పరిశోధకులు తయారీదారుని సంప్రదించారు. తయారీదారు తన దగ్గరున్న పెద్ద డేటాతో అదే లెక్క మళ్లీ చేసి, నిజమేనని చూసుకుంది. ఖర్చుతోపాటు ఆరోగ్య స్థితిని కూడా అంచనాలో కలిపేలా ఇద్దరూ కలిసి మార్చి చూస్తే పక్షపాతం 84 శాతం తగ్గింది. యంత్రంలో మారింది ఒక్కటే, దేన్ని అంచనా వేయమన్నారన్నది.

మీ దగ్గర కూడా ముందు అదే వెతకండి. భాగస్వామి దేన్ని లెక్కపెడుతున్నాడు, దేనికి బదులుగా లెక్కపెడుతున్నాడు? అపాయింట్‌మెంట్‌ల సంఖ్యను అవసరంగా, యాప్ డౌన్‌లోడ్‌లను అందుబాటుగా, ఫిర్యాదులు లేకపోవడాన్ని తృప్తిగా లెక్కపెట్టడం మామూలే. సగం ఫెలోషిప్ అక్కడే ఉంటుంది.

నెలకోసారి రెండు పక్షాలకీ ఒకే పేజీ, ఒకే రోజు పంపండి. ఒకరికి ముందు, ఇంకొకరికి తర్వాత పంపితే మీరు ఎవరి మనిషో వాళ్లే తేల్చేసుకుంటారు.

చివరి మెట్టు: వెళ్లేముందు

ఆఖరి రెండు నెలలు పేపర్ రాయడానికే పోతాయి, కాబట్టి అప్పగింతలు అంతకుముందే మొదలుపెట్టండి. మీ కోడ్, ప్రతి కాలమ్‌కి అర్థం చెప్పే డేటా నిఘంటువు, మినహాయించిన రికార్డులు ఎన్ని, ఎందుకు అన్న పట్టిక, ఈ మూడూ ఆరోగ్య శాఖలో పేరున్న ఒక మనిషికి అప్పగించండి. విభాగానికి ఇస్తే షెల్ఫులోకి పోతుంది. ఆ మనిషిని మీ ఎదురుగా కూర్చోబెట్టి, మీరు మౌస్ ముట్టుకోకుండా, ఆ కోడ్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపమనండి. ఎక్కడ ఆగి మీ వంక చూస్తారో అక్కడ నిఘంటువులో ఇంకో లైను రాయండి.